మీ కుండ్ అటు

మేం రాజగీర్ వెళ్తున్నామని తెలిసి ఎదురింటి పెద్దమ్మ ఒక సీసా తెచ్చి ఇచ్చింది. గాజు సీసా. ఒకప్పుడు తేనెది. మూత సరిగ్గా పడుతుందో లేదో రెండుసార్లు తిప్పి చూసింది. "బ్రహ్మకుండం నీళ్లు తే చెల్లె, మర్చిపోకు" అని అమ్మీ చేతిలో పెట్టింది. అమ్మీ దాన్ని పాత దుపట్టాలో చుట్టి బట్టల మధ్య దాచింది. ఆ సీసా నింపడానికి మేం పడిన తిప్పలే ఇక్కడ రాస్తున్నాం. చిన్న సంగతే. కానీ మా బతుకుల్లో పెద్ద సంగతులన్నీ ఇలాంటి చిన్న సంగతుల వెనకే దాక్కొని ఉంటాయి.

మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊరు. పెద్దమ్మ వాళ్లవీ మావీ ముప్పై ఏళ్లుగా ఎదురెదురు ఇళ్లు. రంజాన్ పండక్కి షీర్ ఖుర్మా గిన్నె అటు పోతుంది. సద్దుల బతుకమ్మకి మలీద గిన్నె ఇటు వస్తుంది. పీర్ల పండక్కి మా ఇంట్లో చేసేదీ మలీదనే. ఆ మాట ఎవరి భాషదని మా వాడలో ఎవరూ అడగలేదు. గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగా తిరిగి పోలేదు.

మా ఇంట్లోనూ అంతే. అబ్బా వైపువాళ్లు దూది ఏకి పరుపులు కుట్టినవాళ్లు. వాళ్ల నోట తెలుగే. అమ్మీ వైపు ఉర్దూ. మేం ఆ రెండు నోళ్ల మధ్య పెరిగాం. ఉర్దూ వార్తను తెలుగు చేయడం, తెలుగు వార్తను ఉర్దూ చేయడం చివరికి మాకు బతుకుతెరువు అయింది. పత్రికాఫీసుల్లో కొత్తగా పరిచయమైనవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు: "మీకు తెలుగు భలే వచ్చే!" ఆ మెప్పు విన్నప్పుడల్లా ఏం జవాబు చెప్పాలో తెలియదు. కన్నవాళ్ల భాష వచ్చినందుకు ఎవరైనా మెచ్చుకుంటారా?

అమ్మీకి మోకాళ్ల నొప్పులు. డాక్టర్లయ్యారు, మాత్రలయ్యాయి, నూనెలయ్యాయి. మా మసీదులో పిల్లలకు చదువు చెప్పే హాఫిజ్ సాబ్‌ది బిహార్. ఆయనే ఒకరోజు, "చలికాలంలో ఒక్కసారి మా మఖ్దూమ్ కుండ్‌లో స్నానం చేసి రండి అమ్మా. భూమిలోంచి వేడినీళ్లొస్తాయి" అని చెప్పాడు. అమ్మీ ఆ మాట పెద్దమ్మ చెవిన వేసింది. "ఏ ఊరు?" అంది పెద్దమ్మ. "రాజగీర్." "అది రాజగృహం గదా! బ్రహ్మకుండం ఉన్న ఊరు" అంది. ఒకరికి ఆ ఊరు మఖ్దూమ్‌ది, ఒకరికి బ్రహ్మది. ఊరు మాత్రం ఒకటే.

పెద్దమ్మకి రాజగృహం మీద ఆశ ఎందుకంటే, 2023లో శ్రావణం అధికమాసంగా వచ్చింది. మూడేళ్లకోసారి వచ్చే ఆ నెలలో రాజగీర్‌లో పెద్ద మేళా జరుగుతుంది. ఆ నెలంతా 33 కోట్ల దేవతలూ అక్కడే ఉంటారని జనం నమ్మకం. భార్యాభర్తలిద్దరూ టూరు బస్సులో పోదామనుకున్నారు. అంతలో పెద్దాయన పోయాడు. ఆమె ప్రయాణం ఆగిపోయింది. ఆయన సంవత్సరీకానికైనా ఆ నీళ్లు ఇంట్లో ఉండాలని ఆమె కోరిక. సీసా ఇచ్చింది అందుకు. అది మామూలు సీసా కాదని అమ్మీకి తెలుసు.

ఆ ఏడాది డిసెంబరులో అమ్మీ, ఆపా, మేం సికింద్రాబాద్‌లో దానాపూర్ రైలెక్కాం. ఆ రైలు నిండా బిహార్ కూలీలే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఇటుక మోసిన చేతులు, సెంట్రింగు కట్టిన చేతులు. ఇంటికి పోతున్న సంతోషంలో వాళ్లు అమ్మీకి కింది బెర్త్ ఖాళీ చేసిచ్చారు. టీ తెచ్చిచ్చారు. ఎవరి పేరు ఏమిటో ఆ పెట్టెలో ఎవరికీ అక్కర్లేకపోయింది. పట్నా నుంచి రాజగీర్ సుమారు 100 కిలోమీటర్లు. బండి మాట్లాడుకున్నాం.

దారిలో నలందా శిథిలాల దగ్గర ఆగాం. ఎర్ర ఇటుకల గోడలు, గదులు, మెట్లు. ఒక గైడు ఏదో గుంపుకి చెప్తున్నాడు. మేమూ వెనక నిలబడి విన్నాం. బఖ్తియార్ ఖిల్జీ పేరు వచ్చింది. పేరు రావడంతోనే నాలుగైదు తలలు వెనక్కి తిరిగాయి. అమ్మీ బురఖా మీద ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ముందుకు తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు.

12వ శతాబ్దం చివర ఈ ప్రాంతం మీద దాడులు జరిగాయి. బిహార్‌లో ఒక కోట మీద పడి, గుండు చేయించుకున్నవాళ్లను చంపాక, అది కోట కాదు విద్యాలయమని సైనికులకు తెలిసిందని మిన్హాజ్ తన చరిత్రలో రాశాడు. ఆ చంపినది బిహార్ షరీఫ్ దగ్గరి ఓదంతపురిలో అని చాలామంది పండితుల అభిప్రాయం. 1234 ప్రాంతంలో ధర్మస్వామి అనే టిబెట్ భిక్షువు నలందాకు వచ్చాడు. దెబ్బతిన్న ఆ విహారంలో తొంభై ఏళ్లు దాటిన గురువు ఇంకా డెబ్బై మందికి పాఠం చెబుతూ కనిపించాడట. ఈ వివరాలు చెప్పి హత్యల్ని మాఫీ చేయమని మేం అడగడం లేదు. హత్యని హత్యే అంటాం. కానీ ఎనిమిది వందల ఏళ్ల కిందటి కత్తికి, పరుపులు కుట్టిన సూదికి చుట్టరికం ఎవరు కలిపారు? "ఎవరి పేరు చెప్తున్నాడు బేటా?" అని అడిగింది అమ్మీ. ఆమెకు ఖిల్జీ ఎవరో తెలియదు. మఖ్దూమ్ ఎవరో తెలుసు.

రాజగీర్ చుట్టూ అయిదు కొండలు. వైభార, విపుల, రత్నగిరి, ఉదయగిరి, సోనాగిరి. మధ్యలో లోయ. మగధ మొదటి రాజధాని ఈ లోయే. బింబిసారుడు, అజాతశత్రువు ఏలిన చోటు. జరాసంధుడి గిరివ్రజం ఇదేనంటారు. బుద్ధుడు ఇక్కడ వానాకాలాలు గడిపాడు. మహావీరుడి తొలి ఉపదేశం విపులాచలం మీద జరిగిందని జైనులు చెప్పుకుంటారు. బుద్ధుడికీ బింబిసారుడికీ వైద్యం చేసిన జీవకుడిదీ ఈ ఊరే. వైద్యుడికీ వేడినీళ్లకీ పేరున్న ఊరు కాబట్టి రోగులు రావడం ఇక్కడ ఈనాటి సంగతి కాదు. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యుయాన్ త్సాంగ్ కూడా దూరాభారం నుంచి జనం ఈ ఊటల్లో స్నానానికి వస్తారని రాసుకున్నాడు.

వైభారకీ విపులకీ నడుమ సరస్వతి అనే చిన్న వాగు పారుతుంది. పేరు పెద్దది, వాగు సన్నది. దానికి రెండు పక్కలా ఊటలు. పడమట వైభార పాదంలో సప్తధార, బ్రహ్మకుండం, వ్యాసకుండం, మార్కండేయ కుండం, గంగా యమునా కుండం. తూర్పున విపుల పాదంలో సూర్యకుండం, చంద్రకుండం, రామలక్ష్మణ కుండం, మఖ్దూమ్ కుండ్. జనం లెక్కలో మొత్తం 22 కుండాలు, 52 ధారలు. గురునానక్ పేరున శీతల్ కుండ్ కూడా ఉంది. ఈ ఊళ్లో అన్నీ వేడినీళ్లే, తాగడానికి చల్లటి నీళ్లు లేవని జనం మొరపెట్టుకుంటే ఆయన ఒక ఊటను చల్లబరిచాడని సిక్కులు చెప్పుకుంటారు. ఇవన్నీ నడిచి చుట్టి రావచ్చు. ఒక కుండం నుంచి ఇంకో కుండానికి తడిబట్టలతో, చేతిలో చెంబుతో నడిచే జనం పొద్దున్నే కనబడతారు. చలికాలం పొగమంచు పైనుంచి, కుండాల ఆవిరి కిందినుంచి. రెండూ కలిసి ఊరంతా తెల్లగా ఉంటుంది.

మేమూ అలాగే నడవాలనుకున్నాం. అమ్మీ కోసం టాంగా పిలిచాం. పెద్దాయన. మంకీ క్యాపు పెట్టుకుని, గుర్రానికి గోనె కప్పాడు. అమ్మీ ముందే లెక్క వేసుకుంది. ముందు పెద్దమ్మ పని, తర్వాత తన పని. "బ్రహ్మకుండ్ చలో" అంది. ఆయన వెనక్కి తిరిగి అమ్మీ బురఖాని చూశాడు. "వో నహీఁ అమ్మా. ఆప్ కా కుండ్ ఉధర్ హై" అన్నాడు. అది కాదమ్మా, మీ కుండ్ అటు.

ఆ మాటలో కోపం లేదు. ఎగతాళి లేదు. ముసలామెకి దారి తప్పకుండా చెప్పాలన్న ఆదరమే ఉంది. అందుకే దానికి ఎదురు చెప్పడం కుదరలేదు. తిట్టినవాడికి జవాబు చెప్పగలం. ప్రేమగా పక్కకి జరిపేవాడికి ఏం చెప్పాలి? గుర్రం అప్పటికే తూర్పుకి తిరిగింది.

పూటకో ప్రశ్న అడిగి బతికే ఉద్యోగం మాది. మంత్రుల్ని అడిగాం, కలెక్టర్లని అడిగాం. ఆ టాంగా మీద మాత్రం నోరు లేవలేదు. ఎందుకు కాదు, ఎవరు కాదన్నారు, ఏ కాగితంలో రాసి ఉంది అని అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు వినకుండా ఉండడానికే మాలాంటివాళ్లం సగం ప్రశ్నలు మింగేస్తుంటాం.

మఖ్దూమ్ కుండ్ విపుల కొండని ఆనుకుని ఉంది. మఖ్దూమ్ అంటే షేక్ షరఫుద్దీన్ అహ్మద్ యహ్యా మనేరీ. మేం రైలు దిగిన దానాపూర్‌కి కాస్త దూరంలోని మనేర్‌లో 13వ శతాబ్దంలో పుట్టాడు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న సోనార్‌గావ్‌లో చదువుకున్నాడు. ఢిల్లీలో ఫిర్దౌసీ సిల్సిలా పీరు నజీబుద్దీన్‌కి మురీదు అయ్యాడు. తిరిగొస్తూ దారిలో నెమలి కూత విని మనసు చెదిరి, బిహియా అడవిలోకి వెళ్లిపోయాడని కథ. తర్వాత ఏళ్ల తరబడి ఈ రాజగీర్ కొండల్లోనే ధ్యానం చేశాడు. ఆయన కూర్చున్న హుజ్రా అని కుండ్ దగ్గరే ఒక చోటు చూపిస్తారు. 1381లో బిహార్ షరీఫ్‌లో పోయాడు. ఆయన మజార్ ఉన్న బడీ దర్గా అక్కడే.

ఆయన రాసిన ఉత్తరాలు ప్రసిద్ధం. చౌసాలో షంసుద్దీన్ అనే ఖాజీ ఉండేవాడు. ఉద్యోగం వదిలి పీరు దగ్గరికి రాలేను, నేర్పాల్సింది రాసి పంపండి అని వేడుకున్నాడు. 1346, 1347ల్లో మఖ్దూమ్ ఆయనకు రాసిన ఫార్సీ ఉత్తరాలే "మక్తూబాతె సదీ". వంద ఉత్తరాలు. పాల్ జాక్సన్ అనే క్రైస్తవ పాదిరీ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1980లో అచ్చయింది. రాలేనివాడి దగ్గరికి తామే ఏదో ఒక రూపంలో వెళ్లడం మఖ్దూమ్‌కి తెలుసు. బట్టల మధ్యనున్న తేనె సీసా ఆ మాటకి గుర్తొచ్చింది. అది కూడా రాలేని ఒక మనిషి కోసమే కదా!

"మీ కుండ్" అన్నాడు టాంగా పెద్దాయన. వచ్చి చూస్తే ఇది మాదొక్కటే కూడా కాదు. మఖ్దూమ్ రాకముందు దీని పేరు శృంగీ ఋషి కుండం అని స్థానికులే చెప్తారు. కొందరు ఇప్పటికీ ఆ పేరుతోనే వచ్చి స్నానం చేసి పోతారు. అంటే మా వాటా అని చూపించిన కుండం కింద కూడా ఒక ఋషి కూర్చుని ఉన్నాడు. అక్కడ మఖ్దూమ్ ఆ ఋషిని లేవమనలేదు, ఋషి మఖ్దూమ్‌ని అటు పొమ్మనలేదు. కొండ కింద ఇద్దరికీ చోటు చాలింది.

అమ్మీ, ఆపా ఆడవాళ్ల వైపు వెళ్లారు. దిగేముందు అమ్మీ కళ్లజోడు తీసి మా చేతికిచ్చింది. "చష్మా పట్టుకో బేటా, చష్మాలో పడితే మళ్లీ దొరకదు" అని తనే నవ్వింది. ఉర్దూలో కళ్లజోడూ చష్మానే, ఊటా చష్మానే. మా వైపు తెలుగులో ఊటని బుగ్గ అంటారు, చెంపా బుగ్గే. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకొని మెట్ల మీద కూర్చున్నాం.

లోపల ఏం జరిగిందో ఆపా తర్వాత చెప్పింది. నీళ్లు ఒంటిమీద పడగానే అమ్మీ "హౌ, బహుత్ గరమ్. ఔర్ నక్కో" అందట. చుట్టూ ఉన్న బిహారీ ఆడవాళ్లు పగలబడి నవ్వారట. నక్కో అంటే ఏమిటమ్మా అని ఒకామె. ఇంట్లో ఏం మాట్లాడతారని ఇంకొకామె. "ఉర్దూ భీ, తెలుగు భీ" అని ఆపా చెప్తే, "ముసల్మాన్ హోకే తెలుగు?" అని నోరు తెరిచిందట. ముసల్మానులై ఉండీ తెలుగా అని. ఇంటి దగ్గరేమో తెలుగు భలే వచ్చే అంటారు. ఇక్కడేమో ఉర్దూ ఇలా ఉందేమిటంటారు. మా సొంత కుండ్ అన్న చోట కూడా మేం సగం పరాయివాళ్లమే. అయినా ఆ ఆడవాళ్లే అమ్మీ వీపు రుద్దారు, మోకాళ్ల మీద చెంబులతో నీళ్లు పోశారు. నవ్వుతూనే పోశారు. ఆ నవ్వుకి అమ్మీ నొచ్చుకోలేదు.

ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఇక్కడ అగ్నిపర్వతం ఏదీ లేదు. ఈ కొండల మీద కురిసిన వానే రాళ్ల పగుళ్ల వెంట లోతుకి దిగుతుంది. భూమిలో కిలోమీటరు లోతుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఆ వేడి తాకిన నీరు మరో పగులు పట్టుకుని పైకి తన్నుకొస్తుంది. బ్రహ్మకుండంలో దాదాపు 45 డిగ్రీలు ఉంటుంది. కింద లోతుల్లో దిగే దారిలో ఏ చుక్క సప్తధారకి పోవాలో, ఏ చుక్క మఖ్దూమ్‌కి రావాలో పంచేవాడు లేడు. పంపకం అంతా పైకొచ్చాకే. రోగాలు పోతాయా అంటే, మేం చూసింది చెప్తాం. ఆ రాత్రి అమ్మీ నొప్పి లేకుండా నిద్రపోయింది. మర్నాడు కర్ర లేకుండా మఖ్దూమ్ కుండ్ మెట్లెక్కింది. వేడినీళ్లకి కీళ్లు కాసేపు వదులవుతాయి. అది మహిమే అనక్కర్లేదు. మహిమ కాదనీ అమ్మీతో అనలేం.

మర్నాడు రెండో స్నానం అయ్యాక అమ్మీ ప్లాస్టిక్ సీసాలో మఖ్దూమ్ కుండ్ నీళ్లు పట్టుకుంది. తర్వాత తేనె సీసా బయటికి తీసింది. "టాంగా వద్దు. నడుద్దాం" అంది. అలా ఆ దారంతా నడిచాం. రామలక్ష్మణ కుండం, సూర్యకుండం పక్కనుంచి వాగు దాటి, వైభార వైపుకి. పూలు అమ్మేవాళ్లు, రుద్రాక్షలు అమ్మేవాళ్లు, ఆవనూనె అమ్మేవాళ్లు. తడిబట్టలు పిండుకుంటున్న కుటుంబాలు. పైన కొండ మీద రాళ్లు పేర్చి కట్టిన జరాసంధుడి బైఠక్. అమ్మీ ఎక్కడా కూర్చోలేదు. బ్రహ్మకుండానికి వెళ్లే మెట్ల ముందు ఆగింది.

అక్కడ మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఎవరూ పేరు అడగలేదు. మేమే ఆగాం. నిన్న టాంగా మీద విన్న మాట మా కాళ్లలోకి దిగి ఉంది. మా తాతల కాలంలో, 1947కి ముందు, ఉత్తరాది రైల్వే స్టేషన్లలో హిందూ పానీ, ముస్లిం పానీ అని వేర్వేరు కుండలుండేవి. ఆ కుండలు పగిలిపోయాయనుకున్నాం. అవి మా లోపల భద్రంగా ఉన్నట్టు ఆ మెట్ల ముందు తెలిసింది.

ఈ ఊటల గురించే బౌద్ధుల వినయపిటకంలో ఒక సంగతి ఉంది. అప్పట్లో ఈ నీటిని తపోద అనేవారు. బింబిసార మహారాజు తలస్నానానికి వచ్చాడు. భిక్షువులు అప్పటికే స్నానం చేస్తున్నారు. వాళ్లయ్యేదాకా ఉంటానని రాజు ఒక పక్కన నిలబడ్డాడు. చీకటి పడింది. రాజు స్నానం ముగించి వచ్చేసరికి నగరం తలుపులు మూసేశారు. దేశమేలే రాజు ఊరి బయట పడుకున్నాడు. ఆ సంగతి తెలిసి, భిక్షువులు పక్షానికి ఒక్కసారి కంటే ఎక్కువ స్నానం చేయకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. తర్వాత ఎండాకాలానికి, జబ్బుకి, ప్రయాణానికి సడలింపులిచ్చాడు. రాజు వంతు కోసం నిలబడ్డాడు. నిలబడితే వంతు వచ్చింది. మేమూ ఆ రోజు నిలబడ్డాం. వంతు వస్తుందో రాదో తెలియని నిలబడడం వేరు.

అంతలో తెలుగు వినిపించింది. "ఒసే, చెప్పులు ఇక్కడే వదలండి, ఒకరు కాపలా ఉండండి" అని. గుంటూరు వైపు నుంచి కాశీ, గయ చూసుకుని వచ్చిన టూరు బస్సువాళ్లు. అమ్మీ మొహం విప్పారింది. మెడలో తువ్వాలు వేసుకున్న ఒకామె దగ్గరికి వెళ్లి, "అమ్మా, ఈ సీసా కాస్త నింపి తెస్తావా? మా అక్క అడిగింది. వాళ్లాయన సంవత్సరీకానికి" అంది. ఆ తెలుగు విని ఆమె ముందు తెల్లబోయింది, తర్వాత సంబరపడింది. "అయ్యో, మనవాళ్లేనా! ఇటివ్వండి" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి అడిగింది: "మీరు రారా?"

అమ్మీ ఒక్క క్షణం తడుముకుంది. "మోకాళ్లమ్మా. మెట్లు దిగలేను" అంది.

గంట కింద అంతకంటే ఎక్కువ మెట్లు దిగి ఎక్కిన మనిషి. ఆపా తల పక్కకి తిప్పుకుంది. మేం కొండ పైకి చూశాం. అమ్మీ అబద్ధం ఆడదు. పది పైసలు ఎక్కువిచ్చిన కొట్టువాడిని వెతుక్కుంటూ తిరిగి వెళ్లే మనిషి. ఆ రోజు తన మోకాళ్ల మీద పెట్టి అబద్ధమాడింది. బాగు చేసుకుందామని దేశం దాటించి తెచ్చిన మోకాళ్ల మీదే.

ఆ గుంటూరామె సీసా నింపి, పైన కొంగుతో తుడిచి, వెచ్చగా ఉండగానే తెచ్చి ఇచ్చింది. "జాగ్రత్తమ్మా, మూత లూజుగా ఉంది" అంది. ఆమె పేరు మేం అడగలేదు. మా పేర్లు ఆమె అడగలేదు. మంచి మనిషి. నిజం చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదేమో. అలా తీసుకెళ్లగలిగినవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. వాళ్లకి నిజం చెప్పే అలవాటు మాకు పోయింది.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే పెద్దమ్మ వచ్చింది. సీసా రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది. "నువ్వు మునిగినవా చెల్లె?" అని అడిగింది. అమ్మీ ఈసారి మోకాళ్ల మాట ఎత్తలేదు. "లేదక్కా. మా కుండ్ అటు అన్నరు. మేం అడగలే. నీ సీసా మన తెలుగామె ఎవరో నింపిచ్చింది."

"ఎవరన్నరు?"

"టాంగా ఆయన."

"టాంగా ఆయన మాట మీద ఆగినవా?" పెద్దమ్మకి నిజంగానే కోపం వచ్చింది. "నేనుంటే అడిగేదాన్ని." అమ్మీ ఏమీ అనలేదు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

ఆ మౌనంలో మాకు ఇంకో సంగతి తట్టింది. ముప్పై ఏళ్లలో మేం పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఎన్నిసార్లు కూర్చున్నామో లెక్క లేదు. నడవ దాటి లోపలికి ఎన్నిసార్లు వెళ్లాం? ఒక్కసారీ లేదు. రావద్దని ఎవరూ అనలేదు. మేమే వెళ్లలేదు. మా ఇంట్లో పెద్దమ్మకి నీళ్లిచ్చే గ్లాసు వేరే ఉంటుంది. స్టీలుది. ఎప్పుడూ తోమి, బోర్లించి, గూట్లో విడిగా. ఆమె అడగలేదు. అమ్మీయే మర్యాదకని పెట్టింది. గిన్నెలు ముప్పై ఏళ్లు అటూ ఇటూ తిరిగాయి, మనుషులు మాత్రం తమ తమ కుండాల దగ్గరే ఆగిపోయారు. టాంగా పెద్దాయన ఒక్క ముక్క కొత్తగా చెప్పలేదు. మా వాడలో ఎవరూ పైకి అనకుండా పాటిస్తున్నదే ఆయన పైకి అన్నాడు.

మీరు మాకు అప్పుడప్పుడూ చెప్తుంటారు, మన దేశంలో గంగా జమునా కలిసే పారుతున్నాయని. మేమూ సభల్లో ఆ మాటే చెప్పాం, వ్యాసాల్లో రాశాం. రాజగీర్ వెళ్లొచ్చాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడం లేదు. నీళ్లు కలిసే ఉన్నాయి, నిజమే. అందులో మా గొప్పా లేదు, మీ గొప్పా లేదు. వాటి మధ్యన దారి ఉంది. ఆ దారి మొదటినుంచి చివరిదాకా నడవడం మా హక్కు. ఒక కుండం చూపించి, ఇదిగో మీకూ ఉంది కదా అంటే మాకు సరిపోదు. మఖ్దూమ్ మావాడే. బింబిసారుడూ మావాడే. జీవకుడూ మావాడే. ఖిల్జీ లెక్క చెప్పమని మమ్మల్ని అడిగేటప్పుడు, వీళ్ల వారసత్వంలో మా వాటా కూడా లెక్కలోకి రావాలి.

పెద్దమ్మ దాహమంది. ఆపా గూటి వైపు కదిలింది. అమ్మీ ఆపేసి, తను తాగే గ్లాసు కడిగి, అందులో నీళ్లు పోసి ఇచ్చింది. పెద్దమ్మ గ్లాసు వైపు చూసింది. అమ్మీ వైపు చూసింది. తాగింది. తాగి, మూతి తుడుచుకుని, "మళ్ల అధికమాసానికి ఇద్దరం కలిసి పోదాం" అంది.

"పోదాం" అంది అమ్మీ. "ఈసారి నేనే అడుగుత. కాదంటే ఆ కాదనే మాట వాళ్ల నోటితోనే వింట. నా మోకాళ్ల మీద పెట్ట."